నర్సింగ్ మొదటి ఏడాది ఇంటి నుంచి చదవడం: ఫోన్‌తో అయ్యేది ఎంత, చేతితో నేర్వాల్సింది ఎంత

2021 మే నెలలో, కరోనా రెండో అల నడిచినప్పుడు, చెల్లె అడిగింది క్లుప్తంగా ఇది. బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది, కాలేజీ హైదరాబాద్‌లో, ఇల్లు దేవరకొండ దగ్గర పల్లెలో. హాస్టల్లో కరోనా కేసులు వచ్చినయని అందరినీ ఇంటికి పంపిన్రు. రోజుకు నాలుగు ఆన్‌లైన్ క్లాసులు. దాబా ఎక్కితేనే సిగ్నల్, రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. అనాటమీ తలకెక్కడం లేదు, నర్సింగ్ ఫౌండేషన్ (రోగి సేవ మొదటి పాఠాలు) ప్రాక్టికల్స్ ఒక్కటీ చేతితో చేయలేదు. "అక్కా, ఈ ఏడాది పోయినట్టేనా? ఊరి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) సాయం చేయడానికి పోవచ్చా?"

ఏడాది పోలేదు. ఫోన్‌లో నడిచే క్లాసే మొత్తం కోర్సు అనుకుంటే మాత్రం పోతది. థియరీ అంతా రికార్డింగులతో, పుస్తకంతో ఇంట్లోనే పూర్తి చేయొచ్చు. చేతిపని సగం దాకా ఇంట్లోనే సాధన చేయొచ్చు. మిగిలిన సగం టీచర్ పక్కన ఉండగా వార్డులోనే నేర్వాలి. ఆ మిగిలిందేమిటో ఇయ్యాల్టి నుంచే రాసి పెట్టుకోవాలి. పీహెచ్‌సీకి మాత్రం ఇప్పుడు పోవద్దు, ఎందుకో కింద చెప్తా.

ఏడాది పోలేదని ఊరికే ధైర్యం కోసం అనడం లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్షకు కూర్చోవాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం హాజరు కావాలి. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ (ఆస్పత్రి వార్డు డ్యూటీ) హాజరు 100 శాతం ఉండాలి. 2021 మేలో నడుస్తున్న సిలబస్‌లో నర్సింగ్ ఫౌండేషన్ ఒక్కదానికే 200 గంటల ల్యాబు, 450 గంటల క్లినికల్ ఉండేవి. వీటిని ఎవరూ మాఫీ చేయరు. కాలేజీ తెరిచినంక సెలవులు తగ్గించి, డ్యూటీలు పెంచి పూర్తి చేయిస్తరు. అప్పుడు థియరీ, ల్యాబు, వార్డు మూడూ ఒక్కసారే మీద పడతయి. ఇప్పుడే థియరీ ఒడ్డుకు చేర్చుకున్న పిల్లకు అప్పుడు రోగి మీద మనసు పెట్టే తీరిక దొరుకుతది. ఈ నెలల్లో నీ అసలు పని అదే.

సిగ్నల్, డేటా. ఒకటిన్నర జీబీతో నాలుగు వీడియో క్లాసులు లెక్క ప్రకారమే కుదరవు. జూమ్‌లో వీడియో నడిస్తే గంటకు సుమారు అర జీబీ, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పోతది. మాట ఒక్కటే వింటే వంద ఎంబీ లోపు సరిపోతది. చాలామంది తమ కెమెరా ఆపేసి డేటా మిగిలిందనుకుంటరు, అవతలి నుంచి వచ్చే వీడియో మాత్రం నడుస్తనే ఉంటది. జూమ్‌లో తెరను కుడివైపు జరిపితే సేఫ్ డ్రైవింగ్ మోడ్ వస్తది, అందులో మాట ఒక్కటే వినొస్తది. స్లైడ్ల పీడీఎఫ్‌ను క్లాసుకు ముందే గ్రూపులో పెట్టమని క్లాస్ రిప్రజెంటేటివ్‌తో టీచర్‌ను అడిగించు. మాట ఫోన్‌లో వింటూ పీడీఎఫ్ చూస్తూ పోతే లైవ్ క్లాసులో నువ్వు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

రోజు కోటాలో మిగిలిన డేటా రాత్రి 12 కొట్టగానే మురిగిపోతది. పదకొండు నుంచి పన్నెండు మధ్య మిగిలినదంతా రికార్డింగులు దించుకోవడానికి వాడు. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకు టవర్ మీద రద్దీ తక్కువ, అదే సిగ్నల్‌కు వేగం బాగా వస్తది. టీచర్ మాట్లాడే పాఠం 144పీలో (అన్నిటికంటే తక్కువ స్పష్టతలో) దించుకున్నా చాలు. చేతితో చేసి చూపించే డెమో మాత్రం 480పీ లేకుండా దించుకోవద్దు, వేళ్లు ఎక్కడున్నయో కనబడకపోతే ఆ వీడియో చూసీ లాభం లేదు. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ రెండూ ఆపెయ్యి. ఇంటి గ్రూపుల్లో వచ్చే వీడియోలే సగం డేటా తింటయి.

దాబా మీదనే సిగ్నల్ ఉంటే ఎండలో కూర్చుని క్లాసు వినకు, మే నెలలో గంటసేపు కూడా కూర్చోలేవు. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే సిమ్ అందులో వేసి, పైన నీడలో పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి, నువ్వు కింద కూర్చో. ఎండ తగిలితే ఫోన్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతది. స్లాబు అడ్డమొస్తే హాట్‌స్పాట్ బలం తగ్గుతది కాబట్టి మెట్ల దగ్గరో, కిటికీ పక్కనో కూర్చో. కరెంటు పోయే వేళలు నీకు తెలుసు కదా, చార్జింగ్ అంతకు ముందే అయిపోవాలి.

క్లాసు మధ్యలో సిగ్నల్ తెగితే అదే రోజు క్లాస్ టీచర్‌కు మెసేజ్ పెట్టు: ఏ సబ్జెక్టు, ఎన్ని గంటలకు తెగింది, మళ్లీ ఎప్పుడు చేరినవు. స్క్రీన్‌షాట్ దాచుకో. నెలాఖరున హాజరు తక్కువ వచ్చిందని తెలిసినంక చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఉచిత జూమ్ మీటింగు 40 నిమిషాలకు ఆగిపోతది. అది సిగ్నల్ పోవడం కాదు, టీచర్ మళ్లీ మొదలుపెట్టినంక చేరితే సరిపోతది.

అనాటమీకి నీ ఒళ్లే పుస్తకం. బొమ్మ చూసి బట్టీ పడితే వారం నిలవదు. బాల్‌పెన్ తీసుకుని అద్దం ముందు నిలబడు. గొంతు కింద గుంట నుంచి వేలు నిలువుగా కిందికి జార్చుకుంటూ రా, రెండు అంగుళాలు దిగేసరికి ఎముక మీద అడ్డంగా చిన్న మెట్టు తగులుతది. అదే స్టెర్నల్ యాంగిల్. దాని పక్కన అతుక్కున్నది రెండో పక్కటెముక, దాని కింద సందు రెండో ఇంటర్‌కోస్టల్ స్పేస్. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ ఐదో సందు దాకా పో, క్లావికిల్ (కాలర్ బోన్) మధ్య నుంచి నిలువు గీత గీసి దానికి కొంచెం లోపలి వైపు అరచేయి పెట్టు. గుండె కొట్టుకోవడం తగిలే చోటు అదే, ఏపెక్స్ బీట్. ఆడపిల్లలకు తమ మీద దొరకడం కష్టం, తమ్ముడి మీదో అన్న మీదో చూడు, సన్నటి పిల్లలకు తొందరగా దొరుకుతది. మొదటి పక్కటెముక క్లావికిల్ చాటున ఉంటది కాబట్టి పైనుంచి లెక్కపెట్టిన వాళ్లు ఎప్పుడూ ఒకటి తప్పుతరు. ఎప్పుడైనా స్టెర్నల్ యాంగిల్ నుంచే మొదలుపెట్టు.

ఇట్లనే భుజం చివర ఎక్రోమియన్ ఎముక పట్టుకుని రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి దిగితే డెల్టాయిడ్ (భుజం కండ) ఇంజెక్షన్ చోటు. తుంటి దగ్గర గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైన పక్కకు తగిలే ఉబ్బు) మీద అరచేయి మడమ ఆనించి, చూపుడు వేలు ముందు వైపు ఇలియాక్ స్పైన్ (తుంటి ఎముక ముందు మొన) మీద, నడిమి వేలు ఇలియాక్ క్రెస్ట్ (ఆ ఎముక పై అంచు) వైపు చాపితే ఆ రెండు వేళ్ల నడుమ వెంట్రోగ్లూటియల్ చోటు. ఎడమ తుంటికి కుడి చేయి, కుడి తుంటికి ఎడమ చేయి వాడాలి. చేయి మారిస్తే కొలత తప్పుతది. రోజుకు ఒక్క భాగం చాలు. పొద్దున చదువు, మధ్యాహ్నం ఒంటి మీద గీసి చూడు, రాత్రి పుస్తకం మూసి బొమ్మ వెయ్యి. ఎముకల సెట్ సీనియర్ల దగ్గర దొరికితే ఎవరు ఏ వారం ఉంచుకోవాలో నీ దోస్తులతో మాట్లాడుకో. ఫిజియాలజీని విడిగా చదవకు, గుండె గీసిన రోజే రక్తప్రసరణ చదివితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటయి.

న్యూట్రిషన్, సైకాలజీ, ఇంగ్లిష్, కంప్యూటర్స్ పుస్తకంతోనే నడుస్తయి, లైవ్ పోయిందని బాధపడకు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీలో అర్థం కాని చోట వాయిస్ మెసేజ్‌తో టీచర్‌ను అడుగు. "అర్థం కాలేదు" అని కాకుండా "ఈ పేజీలో ఈ మెట్టు ఎందుకో తెలవలేదు" అని అడిగితే జవాబు తొందరగా వస్తది.

వైటల్స్ (పల్స్, శ్వాస, జ్వరం, బీపీ కొలతలు) ఇంట్లోనే పట్టు దొరికే విద్య. పల్స్ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా లెక్కలో నాలుగు తేడా వస్తది, లయ తప్పడం అసలే దొరకదు. శ్వాస లెక్కపెడుతున్నట్టు అవతలి మనిషికి చెప్పవద్దు, చెప్తే ఊపిరి తీరు మారిపోతది. పల్స్ అయినంక కూడా మణికట్టు వదలకుండా ఛాతీ చూస్తూ ఇంకో నిమిషం లెక్కపెట్టు. పెద్దవాళ్లకు విశ్రాంతిలో పల్స్ 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 ఉండాలి. చంకలో పెట్టిన థర్మామీటర్ నోటి కొలత కంటే సుమారు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ తక్కువ చూపిస్తది. చెమట తుడిచి పెట్టు, రాసేటప్పుడు ఎక్కడ పెట్టి చూసినవో కూడా రాయి.

బీపీ దగ్గరే మొదటి ఏడాది పిల్లల తప్పులు ఎక్కువ దొరుకుతయి. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో దేనిమీదన్నా ఆనాలి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. చొక్కా చేతిని బిగుతుగా పైకి చుట్టి దాని కింద కఫ్ కడితే ఆ చుట్టే రక్తాన్ని ఆపుతది, కొలత నమ్మలేం. ముందు రేడియల్ పల్స్ (మణికట్టు నాడి) పట్టుకుని గాలి కొట్టు, పల్స్ ఎక్కడ మాయమైందో చూసుకుని గాలి వదిలెయ్యి. ఒక నిమిషం ఆగు. ఇప్పుడు స్టెత్ (స్టెతస్కోప్) పెట్టి, ఆ అంకెకు 30 పైకి కొట్టి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దించు. మొదటి చప్పుడు సిస్టాలిక్ (పై అంకె), చప్పుడు పూర్తిగా మాయమైన చోటు డయాస్టాలిక్ (కింది అంకె). మధ్యలో సందేహం వచ్చి మళ్లీ గాలి కొట్టడం పెద్ద తప్పు. అనుమానమొస్తే మొత్తం గాలి తీసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మొదటి నుంచి చెయ్యి. డిజిటల్ మిషన్ ఇంట్లో ఉంటే నీ కొలత అయినంక సరిచూసుకోవడానికే వాడు, దానితో చెవికి అలవాటు రాదు.

తాతకో నాయనమ్మకో రోజూ ఒకే వేళకు చూసి తేదీ, సమయం, ఏ చేయి, కూర్చున్నరా పడుకున్నరా అన్నీ రాయి. అంకె ఎక్కువ వచ్చిందని గోళీలు నువ్వు మార్చకు, ఆ కాగితం డాక్టరుకు చూపించు. ఆక్సిమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) దొరికితే గోళ్ల రంగు తుడిచి, చేయి చల్లగా ఉంటే రుద్ది, అంకె నిలిచే దాకా ఆగి చూడు. 94 కంటే తగ్గితే మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా డాక్టరుకు ఫోన్ చేయించు.

సెలైన్ డ్రిప్: లెక్క ఒకటి, చేతి అలవాటు ఇంకొకటి. లెక్క అందరికీ వస్తది: ఎక్కాల్సిన మిల్లీలీటర్లను డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో ఆ అంకెతో) గుణించి, నిమిషాలతో భాగించాలి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టు అయితే 500 ఇంటు 20 బై 240, అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు. డ్రాప్ ఫ్యాక్టర్ సెట్టు కవరు మీద ఉంటది, చూడకుండా 20 అనుకోవద్దు. మైక్రో డ్రిప్ (చిన్న చుక్కల సెట్టు) అయితే 60.

చేతికి ఆ 42 తేవడమే సాధన. మెడికల్ షాపులో కొత్త ఐవీ సెట్టు ఒకటి తెచ్చుకో, వాడింది ఎక్కడి నుంచీ తెచ్చుకోకు. దాని సూది తీసి పక్కన పెట్టు. అర లీటరు నీళ్ల సీసా మూతకు సెట్టు స్పైక్ (పైనున్న మొన) పట్టేంత రంధ్రం చేసి, స్పైక్ బిగించి, సీసాను తలకిందులుగా గోడ మేకుకు కట్టు. కింద సర్వ పెట్టు. రోలర్ (చుక్కలు పెంచే, తగ్గించే చక్రం) మూసి, ఛాంబర్ (చుక్కలు పడే గొట్టం) నొక్కి సగం దాకా నింపు. నిండా నింపితే చుక్క కనబడదు, తక్కువైతే గాలి ట్యూబులోకి దిగుతది. మెల్లగా రోలర్ వదిలి ట్యూబులో గాలి అంతా బయటికి పోనియ్యి. ఇప్పుడు గడియారం పట్టుకుని 42కు తీసుకురా. కొంచెం సేపటికి చుక్కలు తగ్గి ఆగిపోతయి, రోలర్ ఎంత తిప్పినా రావు. సీసా గట్టిది, నీళ్లు దిగిన మేరకు లోపలికి గాలి పోవాలి, పోయే దారి లేక లోపల వాక్యూమ్ పడింది. సెట్టుకు ఎయిర్ వెంట్ ఉంటే మూత తియ్యి, లేకుంటే సీసా పైకి వచ్చిన అడుగున సన్నటి రంధ్రం పెట్టు, మళ్లీ నడుస్తది. వార్డులో డ్రిప్ ఆగిందని పిలిచినప్పుడు మొదట ఏం చూడాలో నీకు ఇక్కడే తెలిసిపోతది. సీసాలో నీటి మట్టం తగ్గేకొద్దీ చుక్కలు కూడా తగ్గుతయి, అందుకే పదిహేను నిమిషాలకోసారి లెక్క చూడాలంటరు. సీసాను ఒక మూర పైకి కట్టి, మళ్లీ కిందికి కట్టి తేడా చూడు.

ఇది నీళ్లతో, సర్వలోకి మాత్రమే. మనిషి చేతికి ఏదీ పెట్టవద్దు. సిరంజి సాధన కూడా సూది లేకుండానే. అంకెలు చదవడం నేర్చుకో: 2 మిల్లీలీటర్ల సిరంజిలో చిన్న గీత 0.1, 5 మిల్లీలీటర్లదానిలో 0.2. ఈ రెండూ కలగలిపి చదివి డోసు తప్పే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటరు. ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు, నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటే వాయిల్ మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా చూడు. వాడిన సూదికి రెండు చేతులతో మళ్లీ మూత పెట్టవద్దని వాళ్లకు చెప్పు, మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి దానికోసమే ఉంచు.

చేతులు కడుక్కోవడం వచ్చు అనుకుంటరు అందరూ. కొబ్బరి నూనెలో కొంచెం కుంకుమ కలిపి, కళ్లు మూసుకుని సబ్బు రుద్దినట్టే అన్ని స్టెప్పులూ చేసి కళ్లు తెరువు. బొటనవేలి మొదలు, వేళ్ల చివర్లు, చేతి వెనకవైపు తెల్లగా మిగిలి ఉంటయి. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. బెడ్ మేకింగ్ మూలల మడత పరుపు ఉంటేనే వస్తది. నవ్వారు మంచం మీద కూర్చోదు, అది ల్యాబుకే వదిలెయ్యి.

ఇంటి పని. ఇది చాలామంది ఆడపిల్లలు అడగడానికి మొహమాటపడే సంగతి. ఇంట్లో ఉన్నవు కాబట్టి వంట, అంట్లు, బాయి కాడికి సద్ది అన్నీ నీ మీదికే వస్తయి. రోజంతా చదువుకుంటనంటే ఏ ఇంట్లోనూ నడవదు. రెండు పూటలు గట్టిగా అడుగు: తెల్లారి ఐదు నుంచి ఏడు, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. ఈ నాలుగు గంటలు అమ్మకు ముందే చెప్పి పెట్టుకో, మిగతా వేళ పని నువ్వే ముందుకొచ్చి చెయ్యి. పొద్దటి పూట అనాటమీ, ఫౌండేషన్ లాంటి గట్టివి పెట్టుకో. రాత్రి పూట ఆ రోజు విన్నది పుస్తకం చూడకుండా పది నిమిషాలు రాయి, తర్వాత తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దు. వినడం కంటే ఈ దిద్దుడే ఎక్కువ నిలుస్తది. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి ఉంటే దోస్తులతో ఫోన్‌లో తెలుగులోనే చర్చించు, పరీక్ష జవాబు మాత్రం అదే రాత్రి ఇంగ్లిష్‌లో రాయి. తర్వాత రాద్దామనుకుంటే పరీక్షల ముందర అన్నీ కుప్పపడతయి.

ఇగ పీహెచ్‌సీ సంగతి. 2021 మే 3న కేంద్రం కరోనా డ్యూటీలకు తీసుకోవచ్చని చెప్పింది ఫైనలియర్ ఎంబీబీఎస్ వాళ్ల గురించి, కోర్సు పూర్తి చేసిన బీఎస్సీ, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) నర్సుల గురించి, అదీ పైవాళ్ల పర్యవేక్షణలో. మొదటి ఏడాది విద్యార్థి అందులో లేదు. నువ్వు సూది వేస్తే, శాంపిల్ తీస్తే, జరగరానిది జరిగినప్పుడు రోగికీ రక్షణ లేదు, నీకూ లేదు. పీపీఈ (రోగం అంటకుండా వేసుకునే రక్షణ దుస్తులు) ఎట్ల వేసుకోవాలో నేర్పకుండానే అక్కడ నిలబడితే ఇంటికి రోగం తెస్తవు. ఊరికి పనికి రావాలనే నీ మనసు మంచిది, దానికి ఫోన్ చాలు. ఆశా కార్యకర్తను అడిగి, హోం ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి జ్వరం, ఆక్సిజన్ అంకెలు అడిగి ఆమెకు చెప్పొచ్చు.

రోగి చరిత్ర తీసుకోవడం కూడా ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. మీ ప్రాంతం, పక్కన మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే రోగం) ఉన్న నేల. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పెద్దమనిషిని దూరంగా కూర్చుని, మాస్క్ పెట్టుకుని అడుగు: చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగినరు, నడుము ఎప్పటి నుంచి వంగడం లేదు, మెడ తిప్పితే ఎక్కడ పట్టేస్తది, పళ్ల మీద మచ్చలు ఎప్పటివి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పళ్ల మచ్చలు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల వస్తయి, పెద్దయినంక ఆ నీళ్లు తాగితే పళ్లకు రాదు, ఎముకలకు వస్తది. నిన్నటి నుంచి ఇయ్యాల్టి దాకా ఏం తిన్నరో, జొన్నరొట్టె ఎన్ని, పాలు ఎంత, గిన్నె కొలతతో రాస్తే న్యూట్రిషన్ అసైన్‌మెంట్ కూడా అందులోనే అయిపోతది. వాళ్లు ఒప్పుకుంటేనే రాయి, కాగితం మీద పేరు వేయకు.

మిగిలినవాటి పుస్తకం. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గీతలు (నిలువు గడులు) కొట్టు: స్కిల్ పేరు, వీడియో చూసిన తేదీ, ఇంట్లో చేసిన తేదీ, టీచర్ ముందు చేసిన తేదీ. నాలుగో గీత ఇప్పుడు అంతా ఖాళీగా ఉంటది. ఇంజెక్షన్లు, కాథెటర్ (మూత్రపు గొట్టం) కేర్, రైల్స్ ట్యూబ్ (ముక్కు గొట్టం) ఫీడింగ్, ఆక్సిజన్ ఇవ్వడం, డ్రెస్సింగ్, ఇవి మూడో గీతలో కూడా ఖాళీగానే ఉండాలి. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే దాన్ని ఫౌండేషన్ మేడమ్‌కు చూపించి, ల్యాబులో ఏవి ముందు కావాలో అడుగు. వార్డులో ఎవరన్నా "ఇది నీకు వచ్చు కదా" అంటే, నాలుగో గీత ఖాళీగా ఉన్న పని ఒంటరిగా చేయకు. "ఒక్కసారి పక్కన ఉండండి సిస్టర్" అని అడుగు. అడిగినందుకు కోప్పడితే పడని, రోగికి ఏమీ కాదు.

డబ్బు సంగతి నువ్వు అడగలేదు, కానీ అన్నీ ఒక్కసారి కొనలేవు. ముందు సెకన్ల ముల్లు ఉన్న గడియారం, డిజిటల్ థర్మామీటర్. తర్వాత స్టెత్, ఐవీ సెట్టు, సూది లేని రెండు మూడు సైజుల సిరంజిలు. బీపీ మిషన్ ఊరి దోస్తు ఎవరన్నా ఉంటే ఇద్దరు కలిసి కొనుక్కోండి, ఎవరి దగ్గరికి పోయినా కఫ్ తుడిచి వాడండి. 2021 మే లాక్‌డౌన్‌లో సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకానే ఉండేది కాబట్టి, దేవరకొండ పోయే రోజునే పీడీఎఫ్ ప్రింట్లు, రీచార్జ్, మెడికల్ షాపు మూడూ ఒక్క చీటీ మీద రాసుకుని పో.